అక్వేరియంలో నత్త: లండన్ గాజు తొట్టి నుంచి మన వరిమడి దాకా

మన చరిత్ర ఎపిసోడ్లలో ఇప్పటిదాకా కోటలు చూశాం, కాలువలు చూశాం, రాజుల పంచాయితీలు చూశాం. ఇవాళ్టి హీరో సైజు బఠాణీ గింజంత. బాగా ఎదిగితే నిమ్మకాయంత. పేరు నత్త. మంచినీళ్ల నత్త. మీ ఇంట్లో అక్వేరియం అద్దం మీద రాత్రిపూట మెల్లగా పాకే ఆ జీవి గురించే ఈ ఎపిసోడ్ మొత్తం.

ఇంత చిన్నదానికి ఒక ఎపిసోడ్ ఎందుకంటారా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఎప్పుడు పోయినా నేనొకటి గమనిస్తున్నా. మొబైల్ షాపు కౌంటర్ మీద, పళ్ల డాక్టర్ వెయిటింగ్ రూంలో, కొత్తగా గృహప్రవేశం చేసిన ఇంటి హాల్లో చిన్న గాజు తొట్టి కనపడుతుంది. నాలుగు గప్పీలు, రెండు నీటి మొక్కలు, ఒక నీలం లైటు. అక్వేరియం పెట్టిన ప్రతి తమ్ముడూ, చెల్లెలూ నన్నడిగే ప్రశ్న కూడా ఒకటే: "అన్నా, మొక్క కొంటే దానెంబడి నత్త ఫ్రీగా వచ్చింది. ఇప్పుడు యాభై అయినయ్. వాటిని ఏం చెయ్యాలె?"

కొందరు దీనికి ఒక సులువైన జవాబు కనిపెట్టేశారు. చంపడానికి మనసు రాదు కాబట్టి తీసుకెళ్లి మోరీలోనో, కాలువలోనో, చెరువులోనో వదిలేస్తారు. పుణ్యం వస్తుందనుకుంటారు. ఈ ఎపిసోడ్ ఆ ఒక్క పని గురించి. వదలొద్దు అని ఊరికే చెప్తే మీరు వినరు, నేనైనా వినను. అందుకే చరిత్ర చూపిస్తా. రెండు చరిత్రలు. ఒకటి, నత్త లోపలికొచ్చి అక్వేరియాన్ని నిలబెట్టిన చరిత్ర. రెండోది, తొట్టి దాటి బయటికెళ్లి వరి రైతును ఏడిపించిన చరిత్ర.

మొదటిదానికి 1840ల లండన్ పోవాలి. అప్పట్లో ఇంట్లో చేపను పెంచడమంటే గుండ్రటి గాజు గిన్నె, రోజూ నీళ్లు మార్చడం. రెండ్రోజులు మరిచిపోతే చేప పోయినట్టే. గాజు కూడా ఖరీదు. 1845లో బ్రిటన్ ప్రభుత్వం గాజు మీద ఎక్సైజ్ పన్ను ఎత్తేసింది. దాంతో గాజు చవకయింది. కిటికీలకు, లాంతర్లకు, ప్రయోగాలకు జనం గాజు ధారాళంగా వాడటం మొదలుపెట్టారు.

అప్పుడు రాబర్ట్ వారింగ్టన్ అని ఒక కెమిస్ట్ ఉన్నాడు. లండన్‌లో అపాథెకరీస్ హాల్ అనే మందుల తయారీ చోట ఉద్యోగం. 1841లో కెమికల్ సొసైటీ పెట్టడంలో ముందున్న మనిషి. ఆయన బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతోంది. చేప ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మొక్క దాన్ని తీసుకుని ఆక్సిజన్ ఇస్తుంది. మరి రెండింటినీ ఒకే తొట్టిలో సరైన లెక్కలో పెడితే, నీళ్లు మార్చకుండానే నడవాలి కదా?

1849లో మొదలుపెట్టాడు. సుమారు 12 గ్యాలన్ల గాజు పాత్ర. మన లెక్కలో 55 లీటర్ల దాకా. అడుగున ఇసుక, మట్టి, కొన్ని సున్నపురాయి ముక్కలు. వాలిస్నేరియా అనే నీటి మొక్క. రిబ్బన్లలాగా పొడుగాటి ఆకులు, ఇప్పటికీ అక్వేరియం షాపుల్లో అమ్ముతారు. రెండు గోల్డ్‌ఫిష్. కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత పాత ఆకులు కుళ్లడం మొదలైంది. నీళ్లు మబ్బుగా మారాయి, అద్దానికి పచ్చటి పాచి పట్టింది, చేపలకు ప్రమాదం వచ్చింది. లాజిక్ కరెక్టే, సిస్టం మాత్రం క్రాష్ అయ్యేలా ఉంది.

వారింగ్టన్ మళ్లీ బయటికెళ్లి ప్రకృతిలో చెరువు ఎలా నడుస్తోందో చూశాడు. అక్కడ కుళ్లిన ఆకును ఎవరో తింటున్నారు. నత్తలు! ఐదారు చెరువు నత్తల్ని తెచ్చి తొట్టిలో వేశాడు. కుళ్లిన ఆకును, పాచిని అవి తినేశాయి. నీళ్లు తేటబడ్డాయి. అంతేకాదు, నత్తలు గుడ్లు పెడితే ఆ గుడ్లు, పిల్లలు చేపలకు మేత అయ్యాయి. 1850లో ఇదంతా కెమికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మూడు ముక్కల డిజైన్ అది: చేప, మొక్క, నత్త. నాలాగా కోడ్ రాసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే నత్త ఆ సిస్టంలో గార్బేజ్ కలెక్టర్. అది లేని వెర్షన్ నడవలేదు.

గాజు తొట్టిలో నీటి జీవుల్ని పెట్టి చూడటం అంతకుముందు కూడా ఉంది. 1832లో సిసిలీలో జాన్ విల్‌ప్రో పవర్ అనే ఆమె సముద్ర జీవుల కోసం గాజు తొట్లు చేయించింది. కానీ మొక్క, చేప, నత్తల మధ్య లెక్క ఎలా కుదరాలో విడమరిచి రాసింది వారింగ్టన్. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇంటింటికీ పాకింది. మన దిక్కుకొస్తే 1909లో మద్రాసు మెరీనా తీరంలో అక్వేరియం తెరిచారు. అప్పటికి కోస్తా ఆంధ్ర, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. మనది నిజాం రాజ్యం.

వారింగ్టన్ లెక్కలో ఒక ముక్క మిస్సయింది. చేప మలంలోంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని నైట్రేట్‌గా మార్చే పని బ్యాక్టీరియా చేస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ముక్క మీద తర్వాత ఏళ్ల తరబడి పని చేసిన వాళ్లలో ఒకాయన ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉండేవాడు. ఆ మార్పు రెండు దశల్లో జరుగుతుందని తేల్చాడు. ఆయన పేరు కూడా రాబర్ట్ వారింగ్టన్. ఈయన కొడుకే! తండ్రి తొట్టితో మొదలైన ప్రశ్నకు కొడుకు పొలం మట్టిలో జవాబు వెతికాడు. మీరు యూరియా చల్లినప్పుడు మట్టిలో జరిగేదీ, మీ అక్వేరియం ఫిల్టర్ స్పాంజిలో జరిగేదీ ఒకే కెమిస్ట్రీ.

ఇక మన నత్తల దగ్గరికి వద్దాం. మన చెరువులో ఉన్నవి ఒకటే రకం కాదు. అన్నిటికంటే పెద్దది, గుండ్రంగా ఉండేది, నత్తగుల్ల అని మనం పిలిచేది, దాని శాస్త్రీయ నామం పిలా గ్లోబోసా. ఒంటి మీద చారలుండే మధ్య సైజుది బెల్లామ్యా. ఇది గుడ్లు పెట్టదు, చిన్న చిన్న గుల్లలతో పిల్లల్నే కంటుంది. పొట్టేలు కొమ్ములాగా చపటగా చుట్టుకున్నది ఇండోప్లానార్బిస్. పల్చటి గుల్లతో, మొనదేలి ఉండేది లిమ్నియా. సన్నగా, పొడుగ్గా, స్క్రూ మేకులాగా ఉండి పగలంతా ఇసుకలో దాక్కునేది మెలనాయిడెస్.

ఈ చివరిదాని కథ వినండి. అక్వేరియం షాపుల్లో దీన్ని మలేషియన్ ట్రంపెట్ స్నెయిల్ అంటారు. ఫారిన్ పేరు కాబట్టి డబ్బులిచ్చి కొంటారు. 1774లో డెన్మార్క్ శాస్త్రవేత్త ముల్లర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆయన చేతికొచ్చిన గుల్ల ఎక్కడిదో తెలుసా? కోరమాండల్ తీరానిది. మన తూర్పు తీరం! మన చెరువు ఇసుకలో ఉండేదాన్నే మలేషియా పేరుతో కవర్లో కట్టి మనకే అమ్ముతున్నారన్నమాట. పిలా గ్లోబోసాకు 1822లో స్వెయిన్‌సన్ అనే ఇంగ్లీషాయన పేరు పెట్టాడు. మన తాతలు వీళ్లెవరి కోసమూ ఆగలేదు. గుల్ల అన్నారు, నత్తగుల్ల అన్నారు, కొన్నిచోట్ల కూర వండుకున్నారు, గుల్లల్ని కాల్చి గుల్లసున్నం చేసుకున్నారు.

పక్షులకూ ఇది పరిచయమే. గుల్లకొంగ అని ఒక కొంగ ఉంది. దాని ముక్కు మూసినా మధ్యలో సందు కనపడుతుంది. ఆ ముక్కుతో పిలా గుల్లలోంచి కండను లాగేస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఏటా ఇవి గూళ్లు కడతాయి. మన వరిమళ్లలో దున్నే ట్రాక్టర్ వెనక నడిచే కొంగల గుంపులో కూడా చూడొచ్చు.

పిలాలో నాకు బాగా నచ్చే విషయం దాని శరీరం. ఒక పక్క చేపకున్నట్టు మొప్ప, ఇంకోపక్క ఊపిరితిత్తి లాంటి సంచి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే గొట్టం లాంటి దాన్ని పైకి చాపి గాలి పీల్చుకుంటుంది. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దిగి, గట్టి సున్నపు మూతతో తలుపు వేసుకుని, నెలల తరబడి నిద్రపోతుంది. మిర్గం వానలు పడి చెరువులోకి నీళ్లు రాగానే మళ్లీ తలుపు తీస్తుంది. ఆ నిద్రలో అది ఎలా బతుకుతుందనే దాని మీద 1964లో వి.ఆర్. మీనాక్షి పరిశోధన పత్రం అచ్చయింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జువాలజీ విభాగం ఇదే నత్త మీద ఏళ్ల తరబడి పని చేసింది.

అంతకుముందే 1916లో కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. మొదటి డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్‌కు మంచినీళ్ల గుల్లలంటే ప్రాణం. అదే సంస్థలో పనిచేసిన బైనీ ప్రసాద్ 1925లో పిలా శరీర నిర్మాణం మొత్తం వివరంగా రాశాడు. అక్కడి నుంచి అది కాలేజీ ల్యాబుల్లోకి వచ్చింది. బీఎస్సీ జువాలజీ చదివిన మీ అక్కనో, బావనో అడగండి. పిలా డిసెక్షన్ అనగానే మైనం ట్రే, గుండుపిన్నులు గుర్తొస్తాయి. 2014లో యూజీసీ కాలేజీల్లో జంతువుల డిసెక్షన్ ఆపమన్నాక ఆ తరం ప్రాక్టికల్స్ ముగిశాయి.

ఇక్కడిదాకా నత్త మంచిదే. ఇప్పుడు రెండో వైపు.

1879–80 చలికాలంలో ఇంగ్లండ్‌లో గొర్రెలు లక్షల కొద్దీ చనిపోయాయి. కోసి చూస్తే కార్జంలో ఆకులాంటి చపట పురుగులు. మన గొల్లకురుమలు, పశువుల డాక్టర్లు జలగ రోగం అనేది అదే. పురుగు గొర్రె కడుపులోకి ఎలా వెళ్తోందో ఎవరికీ తెలియదు. ఇంగ్లండ్‌లో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ విడివిడిగా పని చేసి 1880ల మొదట్లో ఒకే జవాబుకు వచ్చారు. మధ్యలో నత్త ఉంది. పేడలో పడ్డ గుడ్డు నీళ్లలో పొదగాలి, ఆ పిల్ల నత్తలోకి దూరాలి, అక్కడ వందల్లో పెరిగి బయటికి వచ్చి గడ్డికి అంటుకోవాలి. ఆ గడ్డిని గొర్రె తినాలి. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా పురుగును చూడటం మనందరికీ తెలిసిన కథ. దానికి పదిహేనేళ్ల ముందే నత్త విషయంలో అలాంటి కథే నడిచింది.

మన దగ్గర కార్జపు జలగను మోసేది లిమ్నియా నత్త. ఇండోప్లానార్బిస్ ఇంకో పురుగును మోస్తుంది. అది పశువుల ముక్కులో చేరి గడ్డలు కట్టిస్తే, ఎద్దు ఊపిరి తీస్తుంటే గురక పెట్టినట్టు చప్పుడు వస్తుంది. మద్రాసులో ఎం.ఏ.ఎన్. రావు 1933లో ఈ పురుగుకు శాస్త్రీయ నామం ఇచ్చారు. ఇలాంటి పురుగుల పిల్లలు కొన్ని మనిషి చర్మంలోకి దూరబోయి అక్కడే చచ్చిపోతాయి. పొలంలో నీళ్లలో నిలబడ్డవాళ్ల కాళ్లకు దద్దుర్లు, దురద రావడానికి అదొక కారణం.

ఇదంతా కోరుట్లవాళ్లకు ఎందుకు ముఖ్యమంటే, పశువైద్య కళాశాల ఉన్నది మీ ఊళ్లోనే. ఈ చుట్టుపక్కల గొర్రెల మందలు ఎన్నో మీకు తెలుసు. 2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలయ్యాక, ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఎన్ని ఇళ్లకు వచ్చాయో కూడా తెలుసు. ఒక కుటుంబం బతుకు ఆ ఇరవై ఒక్క జీవాల మీద ఉంటుంది. వాటి కార్జం మీద దాడి చేసే పురుగుకు తొలి ఇల్లు చెరువు గట్టు పక్క నత్త. అందుకే చెరువు నుంచి నత్తను తెచ్చి నేరుగా అక్వేరియంలో వేయడం, ఉత్త చేతులతో కెలికి ఆ చేత్తోనే అన్నం తినడం, రెండూ వద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నత్తను బయట వదిలితే ఏమవుతుంది?

పేపర్లో ఏ పని లేటయినా "నత్తనడకన" అని రాస్తారు. నిజమే, నత్త నడక మెల్లగానే ఉంటుంది. కానీ మనిషి ఎత్తుకుపోతే దాని వేగం ఓడంత, విమానమంత. 1847లో విలియం బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి రెండు పెద్ద ఆఫ్రికా నత్తల్ని కలకత్తా తెచ్చాడు. ఆయన గుల్లల శాస్త్రం తెలిసినవాడు, ముచ్చటపడి తెచ్చుకున్నాడు. అవి చేతులు మారి చౌరంగీలో ఒక తోటలోకి చేరాయి. అది నేల మీద తిరిగే నత్త. ఇవాళ దేశంలో చాలా రాష్ట్రాల్లో కూరగాయల రైతులకు, బొప్పాయి తోటలకు అది శత్రువు. అన్నిటికీ మూలం ఒక తోటలో వదిలిన ముచ్చట.

నీటి నత్తల్లో ఇంతకంటే పెద్ద కథ గోల్డెన్ యాపిల్ స్నెయిల్‌ది. శాస్త్రీయ నామం పొమాసియా కెనాలిక్యులేటా. పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1980 ప్రాంతంలో అర్జెంటీనా నుంచి తైవాన్‌కు తీసుకెళ్లారు. పెంచి తినడానికి, అమ్మడానికి. అక్కడి నుంచి జపాన్, ఫిలిప్పీన్స్, థాయిలాండ్, వియత్నాం. పేద రైతుకు అదనపు ఆదాయం అని ప్రచారం కూడా జరిగింది. రుచి జనానికి నచ్చలేదు. వ్యాపారం పడిపోయింది. తొట్లలో ఉన్నవి కాలువల్లోకి, కాలువల నుంచి వరిమళ్లలోకి పోయాయి. లేత వరినారును అడుగుకంటా కొరికేయడం దానికి ఇష్టం. నాటిన మొదటి రెండు మూడు వారాలు దానికి పండగ, రైతుకు శోకం. పదేళ్లు తిరక్కముందే ఆసియా వరి దేశాలకు అదొక పెద్ద పురుగయి కూర్చుంది. ప్రపంచంలోనే అత్యంత చెడ్డ వంద ఆక్రమణ జీవుల జాబితాలో దాని పేరుంది.

అది పాత కథ అనుకోకండి. 2009లో స్పెయిన్‌లో ఎబ్రో నది డెల్టాలో అదే రకం నత్తలు బయటపడ్డాయి. అక్కడా వరే పండుతుంది. దగ్గర్లో అక్వేరియం వ్యాపారానికి నత్తలు పెంచే చోటు నుంచి తప్పించుకున్నాయని తేలింది. మడుల్ని ఎండబెట్టారు, చేతులతో ఏరారు, చివరికి కొన్ని చోట్ల సముద్రపు నీళ్లు పెట్టి చంపాలని చూశారు. వరి పండే నేలకు ఉప్పునీళ్లు పెట్టడమంటే ఎంత తెగింపో మన రైతుకు చెప్పక్కర్లేదు. 2012లో యూరోపియన్ యూనియన్ ఆ జాతి నత్తలన్నిటినీ తేవడం, పెంచి వదలడం నిషేధించింది.

మన షాపుల్లో మిస్టరీ స్నెయిల్ అని పసుపు, నీలం, తెలుపు రంగుల్లో అమ్మేది ఈ జాతిలోనే ఇంకో రకం, పొమాసియా డిఫ్యూజా. ఇది గోల్డెన్ యాపిల్ స్నెయిల్ అంత ఆకలిది కాదు. పాచి, కుళ్లిన ఆకు ఎక్కువ తింటుంది. కానీ చిన్నప్పుడు రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కవర్లో కట్టి ఇచ్చేవాడికీ తేడా తెలియదు, కొనేవాడికీ తెలియదు. శ్రీలంకలో ఈ డిఫ్యూజా కూడా అక్వేరియం వ్యాపారం ద్వారానే బయటి నీళ్లలో చేరి స్థిరపడింది.

ఇక మన మ్యాప్ తెరుద్దాం. 1963లో నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, ఇప్పటి శ్రీరాంసాగర్. అక్కడ మొదలయ్యే కాకతీయ కాలువ జగిత్యాల జిల్లా మీదుగా లోయర్ మానేరుకు పోతుంది. మధ్యలో ఎన్ని తూములు, ఎన్ని పిల్ల కాలువలు, ఎన్ని చెరువులు! 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో చెరువులు, కుంటలు కలిపి లెక్క 46,531. మన పాత చెరువుల తీరు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. నీళ్లకు ఇది వరం. వదిలిన నత్తకు ఇదే హైవే.

సిరిసిల్లలో 2021 సెప్టెంబర్ వానలు గుర్తున్నాయి కదా. ఊళ్లో వీధులు కాలువలయ్యాయి. ఆ రోజు మోరీ ఏది, చెరువు ఏది, మానేరు ఏది అని గీత గీయగలమా? మన బాత్రూం పక్క మోరీలో వేసిన గుడ్డు మిడ్ మానేరు చేరదని గ్యారంటీ ఎవరిస్తారు? ఆ నీళ్లలో చేప పిల్లల్ని వదులుతున్నారు, వాటి మీద మత్స్యకారుల కుటుంబాలు బతుకుతున్నాయి.

జగిత్యాలలో పొలాస పరిశోధన కేంద్రం గురించి మీకు చెప్పేదేముంది. అక్కడి నుంచి వచ్చిన జేజీఎల్ 1798 రకాన్నే జగిత్యాల సన్నాలు అంటారు. ఒక వరి రకం తయారు చేయడానికి శాస్త్రవేత్తలకు ఎన్నో సీజన్లు పడుతుంది. దోమపోటుకు, ఉల్లికోడుకు తట్టుకుంటుందా అని పరీక్షిస్తారు. నారును అడుగుకంటా కొరికేసే నత్తను తట్టుకునే వరి మాత్రం ఎక్కడా లేదు. పైగా ఇప్పుడు కూలీలు దొరక్క చాలామంది వెదజల్లే పద్ధతిలోకి వెళ్తున్నారు. మొలకలు మరీ లేతగా ఉన్నప్పుడే మడిలో నీళ్లుంటాయి. గోల్డెన్ యాపిల్ స్నెయిల్‌కు అంతకంటే వడ్డించిన విస్తరి ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పుడు కోడ్ ప్రొడక్షన్‌లోకి పోతే పాత వెర్షన్‌కు రోల్‌బ్యాక్ కొడతాం. రాత్రంతా మేలుకుని అలాంటివి నేను చాలా చూశా. చెరువుకు రోల్‌బ్యాక్ లేదు. తైవాన్‌కు నలభై ఏళ్లయినా దొరకలేదు. స్పెయిన్‌కు ఉప్పునీళ్లు పెట్టినా దొరకలేదు.

మరి నత్తను పెంచొద్దా? పెంచండి. హాయిగా పెంచండి. వారింగ్టన్ 1849లో చేసిన పని ఇవాళ మీ హాల్లో చేయొచ్చు. కొన్ని పద్ధతులు మాత్రం పాటించండి.

మొదటిది నీళ్లు. నత్త గుల్ల అంటే సున్నం. మన బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి, తెల్లగా గార కడతాయి అని తిట్టుకుంటాం. నత్తకు ఆ నీళ్లే ఇష్టం. ఆర్వో నీళ్లలో పెంచితే గుల్ల పల్చబడి గుంతలు పడుతుంది. వారింగ్టన్ సున్నపురాయి ముక్కలు వేసింది గుర్తుంది కదా. మీరు ఉడికించిన గుడ్డు పెంకును కడిగి, నలిపి వేయొచ్చు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయండి.

రెండోది మేత. పాచి సరిపోకపోతే ఉడికించిన పాలకూర ఆకు, కీరదోస ముక్క. పొద్దున వేసింది సాయంత్రానికి మిగిలితే తీసేయండి. నత్తలు యాభై అయ్యాయంటే మీరు చేపలకు మేత ఎక్కువేస్తున్నట్టు. మేత తగ్గిస్తే నత్తల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. చేపలకు జబ్బు చేసి మందు వేసేటప్పుడు సీసా మీద చదవండి. రాగి ఉన్న మందు నత్తను చంపేస్తుంది. పశువుల రోగం మోసే నత్తల్ని చంపడానికి మైలుతుత్తం వాడింది అందుకే.

మూడోది గుర్తుపట్టడం. మన పిలా మూత రాయిలాగా గట్టిగా ఉంటుంది. పొమాసియా మూత గోరులాగా పల్చగా, వంగేలా ఉంటుంది. పిలా నీటి ఒడ్డున తడి మట్టిలో గుంట చేసి తెల్లటి గుడ్లు పెడుతుంది. పొమాసియా నీటికి పైన, అద్దానికో మొక్క కాడకో గుత్తిగా అతికిస్తుంది. గోల్డెన్ యాపిల్ స్నెయిల్ గుత్తి అయితే ముదురు గులాబీ రంగులో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కాలువ గట్టున, వరి కాడల మీద అలాంటి గులాబీ గుత్తి ఎప్పుడైనా కనపడితే ఫోటో తీసి వ్యవసాయ విస్తరణ అధికారికో, పొలాస కేంద్రానికో చూపించండి. రీల్ తర్వాత చేసుకోవచ్చు.

నాలుగోది, ఎక్కువైనవి. అద్దం మీద గుడ్ల గుత్తిని పొదగకముందే గీకి తీసేయండి. వద్దనుకున్న నత్తల్ని కవర్లో కట్టి ఫ్రీజర్లో ఒక రోజు పెట్టి, తర్వాత చెత్తలో వేయండి. వినడానికి కఠినంగా ఉంటుంది, నాకు తెలుసు. అక్వేరియం ఉన్న స్నేహితుడికి ఇవ్వడం ఇంకా మంచిది, కానీ ఈ నియమాలు కూడా చెప్పి ఇవ్వండి. కొత్త మొక్కను తేగానే తొట్టిలో వేయకుండా రెండు వారాలు వేరే బకెట్లో ఉంచండి, పొదిగిన పిల్లలు కనపడతాయి. తొట్టి నీళ్లు మార్చినప్పుడు మోరీలో పోయకుండా పూలకుండీలకు పోయండి. జూనియర్ వారింగ్టన్ చెప్పిన నైట్రేట్ అందులోనే ఉంది, గులాబీ మొక్క ఎట్లా పూస్తుందో చూడండి.

చివరిగా ఒక మాట. మోతె చెరువులోనో, సిరిసిల్ల కొత్త చెరువులోనో నత్త వదిలి దండం పెట్టుకునేవాళ్ల మనసు మంచిదే, కాదనను. బెన్సన్ నత్తల్ని ఆ తోటలో వదిలినవాళ్లూ ఎవరికీ చెడు చేయాలనుకోలేదు. తైవాన్‌కు నత్త తెచ్చినవాళ్లు పేదవాడికి కూర దొరుకుతుందనుకున్నారు. ఈ చరిత్రలో విలన్ ఎవరూ లేరు. అందుకే జాగ్రత్త పడాల్సింది మనలాంటి మామూలు మనుషులమే. మీ ఇంట్లో, మీ కాలేజీ హాస్టల్లో ఎవరికి అక్వేరియం ఉందో వాళ్లకు ఈ ఎపిసోడ్ పంపండి. ముఖ్యంగా యాసంగి నాట్లు పడకముందే పంపండి.

వచ్చే ఎపిసోడ్‌లో మన గొలుసుకట్టు చెరువుల్లో తూము ఎలా కట్టేవారో, ఆ రాయి పనితనం ఏందో చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే.